మాళేగావ్ జాతరలో నడక చూసి గుర్రాన్ని కొనడం

సంగారెడ్డి, జోగిపేట, పిట్లం, మద్నూర్ దాటితే దెగ్లూర్. 161వ నంబరు జాతీయ రహదారి మీద సాఫీ ప్రయాణం. మహారాష్ట్ర సరిహద్దు దాటినట్టు బోర్డుల్ని చూసి తెలుసుకోవాల్సిందే, మాటల్లో తేడా పెద్దగా ఉండదు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు ఊళ్లలో తెలుగు ఇళ్లు బోలెడు. మేం దిగింది అలాంటి ఒక పటేల్ ఇంట్లోనే. ఆయన దగ్గర రెండు మార్వాడీ గుర్రాలున్నాయి. మూడోది కొని దానితో డ్రెసాజ్ పోటీలకు, అంటే సవారీ సైగలకు గుర్రం వేసే అడుగులకూ వలయాలకూ జడ్జి మార్కులు వేసే ఆటకు, వెళ్లాలని కోరిక. నాది క్లబ్బు గుర్రాల మీద ప్రాథమిక స్థాయి పరీక్షలు చేసే అనుభవం. నాతో వచ్చిన మిత్రుడు పోటీల్లో జడ్జి పక్కన కూర్చుని మార్కులు రాసేవాడు. ముగ్గురం కలిసి మాళేగావ్ జాతరకు బయల్దేరాం.

మాళేగావ్ నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో, నాందేడ్ నుంచి లాతూర్ వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. మన మల్లన్నే అక్కడ ఖండోబా. మార్గశిర బహుళ చతుర్దశి నాటికి గుడి చుట్టూ పసుపు, పొలాల నిండా పశువులు. గాడిదలు, ఒంటెలు, కుక్కలు, ఎద్దులు, ఓ వైపంతా గుర్రాలు. దెగ్లూర్ నుంచి ముఖేడ్, కంధార్ మీదుగా అడ్డదారి ఉంది. కారుకైతే అదే చాలు. గుర్రాన్ని ఎక్కించుకుని వచ్చేటప్పుడు మాత్రం నాందేడ్ మీదుగా చుట్టు తిరిగినా పెద్ద రోడ్డే మేలు. ప్రతి గుంతకూ గుర్రం నాలుగు కాళ్లూ బిగబట్టి నిలదొక్కుకోవాలి, దిగేసరికి కండరాలు అలిసిపోతాయి.

జాతరలో గుర్రాన్ని చూపించే పద్ధతి వేరు. డప్పు మోగుతుంటే కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తుంది. లేదంటే సవారీ ఎక్కి రవాల్ చాల్‌లో దూసుకుపోతారు. వీపు కదలకుండా పరిగెత్తే ఆ నడకకే ఇక్కడ ధర. "దీని మీద కూసుంటే చేతిల గిలాసల నీళ్లు ఒలకవన్నా" అన్నారు పటేల్, మెచ్చుకోలుగానే. దూర ప్రయాణానికి నిజంగానే అది హాయి. డ్రెసాజ్‌కు వచ్చేసరికి అదే ముల్లు.

కారణం ఇది. డ్రెసాజ్‌లో జడ్జి మొదట చూసేది లయ. నడకలో నాలుగు దెబ్బలు విడివిడిగా, సమాన దూరంలో పడాలి: వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి. ట్రాట్ అనే కుదుపు పరుగులో రెండు, కాంటర్ అనే దౌడులో మూడు. రవాల్‌లో ఒకే పక్క కాళ్లు జతగా లేస్తాయి. అలవాటు ముదిరితే మామూలు నడకలోనూ టకటక, టకటక అని జంట దెబ్బలే వినిపిస్తాయి. ట్రాట్‌ను శిక్షణతో ఎంతో మెరుగుపరచవచ్చు, కాంటర్‌ను కూడా. నడకను బాగుచేయడం కష్టం, పాడుచేయడం సులువు. పైగా చాలా ప్రాథమిక పరీక్షల్లో పొడుగు కళ్లెంతో వేసే స్వేచ్ఛ నడకకు రెట్టింపు గుణకం ఉంటుంది. అక్కడ పదికి 4 వచ్చిందంటే ట్రాట్‌లో తెచ్చుకున్న 7 తుడిచిపెట్టుకుపోతుంది.

అందుకని అమ్మేవాళ్లు చూపించేది చూడటం మానేసి గుర్రాన్ని డప్పులకు దూరంగా తీసుకెళ్లమన్నాం. జీను తీసేసి, తాడు వదులుగా పట్టుకుని, మెత్తటి దుమ్ములో ముప్పై నలభై అడుగులు నడిపించాలి. అప్పుడు నేల మీద ముద్రలు చూడాలి. వెనక డెక్క ముద్ర ముందు డెక్క ముద్రను దాటి పడితే మంచి నడక. సరిగ్గా దాని మీదే పడితే పని జరుగుతుంది. వెనకే ఆగిపోతే వీపు బిగుసుకుందన్నమాట, లేదా ఎక్కడో నొప్పి. తాడు వదిలేసినప్పుడు నాలుగు దెబ్బలు శుభ్రంగా వేసి, సవారీ తోసినప్పుడు మాత్రమే రవాల్‌లోకి జారే గుర్రాన్ని తీసుకోవచ్చు, అది నేర్పిన అలవాటు. వదులుగా ఉన్నప్పుడూ పక్క కాళ్లు జతగా లేస్తుంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి.

మేం చూసిన ఒక తెల్ల కాళ్ల మగ గుర్రం చుట్టూ జనం మూగారు. గొంతు కింద దేవమణి సుడి ఉందని ధర పెంచేశారు. సుడుల లెక్క డ్రెసాజ్‌కు ఏ రకంగానూ పనికిరాదు. నిజానికి సుడులు 'మంచివి' కాని గుర్రం తక్కువ ధరకు దొరుకుతుంది, మనకు అదో లాభం.

తర్వాత నోరు. ముళ్ల కళ్లెం 1965 నాటి జంతుహింస నివారణ నియమాల కింద నిషేధం. అయినా జాతరలో కనిపిస్తూనే ఉంటుంది. పెదవి మూలలు, నాలుక, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీగా ఉండే చిగురు, ఈ మూడూ వేలితో తడిమి చూడాలి. గట్టిపడిన మచ్చ తగిలితే ఆ గుర్రం కళ్లేన్ని నమ్మదు. తల ఎగరేస్తుంది, కాకపోతే గడ్డం ఛాతీకి ఆనించి కళ్లెం వెనక దాక్కుంటుంది. రెండోదాన్ని కొత్తవాళ్లు 'మెడ బాగా వంచింది' అని మురిసిపోతారు. వయసు పళ్లలోనే తెలుస్తుంది. పాల పళ్లు పోయి మధ్య కత్తెర పళ్లు రెండున్నరేళ్లకు, పక్కవి మూడున్నరకు, మూలవి నాలుగున్నరకు వస్తాయి. పై మూల పంటి మీద నిలువు గాడి చిగురు దగ్గర కనిపించిందంటే పదేళ్ల చుట్టుపక్కల ఉన్నట్టు. సగం దాకా దిగితే పదిహేను. అమ్మేవాళ్లు చెప్పే వయసు కంటే దీన్ని నమ్మడం మంచిది.

సవారీ బరువు లెక్క కూడా అక్కడే వేశాం. ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని అదే సంఖ్యతో గుణించి, భుజం కొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. మేం ఎంచుకున్న ఆడ గుర్రానికి చుట్టు 165, పొడవు 150. అంటే సుమారు 344 కిలోలు. సవారీ, జీను కలిపి అందులో అయిదో వంతు దాటకూడదు, అంటే 68 కిలోలు. పటేల్ ఒక్క క్షణం ఆగి, "మరి మా పిల్లనే ఎక్కాలె" అన్నారు. వాళ్ల అమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఇంటి గుర్రాల మీద నాకన్నా బాగా కూర్చుంటుంది.

బేరం కుదిరాక పశువైద్యుడి పరీక్ష, గ్లాండర్స్ అనే అంటురోగం లేదనే రక్త పరీక్ష, రవాణాకు ఆరోగ్య ధ్రువపత్రం. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది, సోకిన గుర్రాన్ని చంపేయాల్సి వస్తుంది. ఈ కాగితం దగ్గర మొహమాటపడకూడదు. రాష్ట్రం దాటే ఆలోచన ఉంటే ముందే తీసి పెట్టుకోవాలి.

లారీ ఎక్కించేటప్పుడు మెట్లూ పలకలూ వెతకనక్కర్లేదు. ఎత్తైన మట్టి గట్టుకు లారీ వెనక భాగం ఆనించి నిలబెడితే గుర్రం చదునుగా లోపలికి నడుస్తుంది. అడుగున ఇసుక, దాని మీద గడ్డి పరిచాం. నున్నటి ఇనుప రేకు మీద డెక్క జారితే గుర్రం భయపడి తన్నుకుంటుంది. తాడును ఇనుప కొక్కేనికి నేరుగా కట్టకూడదు, మధ్యలో సుతిలి ముడి వేయాలి. పడిపోతే ముందు సుతిలి తెగాలి, మెడ విరగకూడదు. తల ఎత్తి గట్టిగా కట్టేసి గంటలకొద్దీ తెస్తే ఊపిరితిత్తుల్లోకి చేరిన దుమ్ము, శ్లేష్మం బయటకు జారవు. దిగాక జ్వరం, దగ్గు అందుకే వస్తాయి. నాలుగు గంటల లోపు ఒకసారి ఆపి, తల కిందికి దించనిచ్చి, నీళ్లు పెట్టాలి. ఇంటికి చేరాక మూడు రోజులు పొద్దున్నా సాయంత్రం జ్వరం చూడాలి. 37.5 నుంచి 38.5 డిగ్రీలు మామూలు, అది దాటితే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే. కొత్త గుర్రం మూడు వారాలు విడిగా ఉండాలి, బకెట్టూ తువ్వాలూ వేరే.

మేత విషయంలో ఒక మాట. ఈ ప్రాంతమంతా జొన్న చొప్పే. లేత పచ్చి జొన్నలో విషం ఉంటుందని ఎద్దుల రైతులకు తెలుసు. గుర్రాలకు పచ్చి జొన్న మేపితే మూత్రాశయం, వెనక కాళ్ల నరాలు కూడా దెబ్బతింటాయి. ఎండు గడ్డి మేలు. ఈ గుర్రానికి రోజుకు కనీసం 5 కిలోలు కావాలి. దాణా మార్చాలంటే పాతదీ కొత్తదీ కలుపుతూ వారం పది రోజులు తీసుకోవాలి. ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి ఖాయం.

దెగ్లూర్‌లో అసలు పని నేలతో మొదలైంది. నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే జిగురు. పగుళ్లలో డెక్క ఇరుక్కుంటే కాలి నరం పోయినట్టే. మొరం వేసి రోలర్‌తో తొక్కించి, పైన 8 సెంటీమీటర్ల ఇసుక చాలు. ఎక్కువ వేస్తే కాళ్లు దిగబడి స్నాయువులు లాగేస్తాయి. 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు బరికి 64 ఘనపు మీటర్లు అవుతుంది. అక్కడి లెక్కలో 23 బ్రాస్‌ల దగ్గర, బ్రాస్ అంటే వంద ఘనపు అడుగులు. వెడల్పూ పొడవూ కొలిచాక మూల నుంచి మూలకు టేపు పట్టాలి, రెండు వైపులా 44.72 మీటర్లు వస్తేనే మూలలు లంబంగా ఉన్నట్టు. మేం మొదట కట్టిన తాడు ఒక వైపు 45కు పైనే చూపింది. అలాంటి బరిలో గుర్రం వలయం గుండ్రంగా వేసినా కోడిగుడ్డులాగే కనిపిస్తుంది.

అక్షరాలు ప్లాస్టిక్ బకెట్ల మీద రాశాం. పొట్టి వైపు మధ్యలో ఏ, ఎదురుగా సీ. పొడుగు వైపుల్లో మూల నుంచి 6 మీటర్లకు కే, అక్కణ్ణుంచి 14కు ఈ, మళ్లీ 14కు హెచ్. అవతలి వైపు అలాగే ఎఫ్, బీ, ఎం. పెద్ద పోటీల బరి 20, 60 మీటర్లు. అందులో ఎడం 6, ఆపైన 12 చొప్పున. ఈ తేడా తెలియక చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు. చిన్న బరిలో ఏ దగ్గర 20 మీటర్ల వలయం సరిగ్గా నడిమధ్య ఎక్స్‌ను తాకుతుంది. పెద్ద బరిలో అదే వలయం ఎక్స్‌కు 10 మీటర్లు ఇవతలే తిరగాలి. రెండింట్లోనూ పొడుగు గోడను తాకాల్సింది మూల నుంచి 10 మీటర్ల దగ్గర, అంటే కే దాటాక 4 మీటర్లకు. వలయంలో మూలలోకి వెళ్లకూడదు.

కొత్త గుర్రం విడిగా ఉంది కాబట్టి పటేల్ పాత ఆడ గుర్రంతో సాధన చేశాం. పెళ్లి ఊరేగింపుల్లో ఆడిన గుర్రం. బెత్తం తగిలితే చాలు, నిలబడ్డ చోటే కాళ్లు ఎత్తుతుంది. "పెద్ద పోటీలల్ల చేసేది గిదే గద?" అన్నది అమ్మాయి. చూడ్డానికి పియాఫ్‌లా, అంటే పోటీల్లో నిలబడ్డ చోటే వేసే ట్రాట్‌లా, ఉన్న మాట నిజమే. పియాఫ్‌లో పిరుదులు కిందికి దిగి, వీపు పైకి లేచి, బరువు వెనక కాళ్ల మీదికి వస్తుంది. ఊరేగింపు ఆటలో తల ఆకాశంలో, వీపు గుంతలో ఉంటాయి, వెనక కాళ్లు దూరంగా మిగిలిపోతాయి. జీను వెనక చెయ్యి పెట్టి చూస్తే కండరం చెక్కలా తగిలింది. అందుకే బెత్తం పక్కన పెట్టేశాం. పది నిమిషాలు పొడుగు కళ్లెంతో నడక, తర్వాత నేల మీద నాలుగు వాసాలు. ఈ ఎత్తు గుర్రానికి నడకలో వాసాల మధ్య 80 సెంటీమీటర్లు, ట్రాట్‌లో 1.2 మీటర్లు. వాసాలు దాటేటప్పుడు గుర్రం తల దించి చూసుకుంటుంది, ఒక్కో కాలూ విడిగా ఎత్తుతుంది, జంట దెబ్బ దానంతటదే విడిపోతుంది. కళ్లెం బిగబట్టి నడక సరిచేయబోతే ఇంకా పాడవుతుంది. మెడ ఊగడం ఆగిపోతే నాలుగు దెబ్బలూ రెండైపోతాయి.

జీను కూడా అడ్డం పడింది. మార్వాడీకి వీపు మొదట్లో మూపు ఎత్తు, సన్నం. వెడల్పు జీను ముందుకు కూలబడి మూపు మీద కూర్చుంటుంది. సవారీ ఎక్కాక మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. దుప్పటి మడతలు వేసి ఎత్తు చేయడం వల్ల పక్కల ఒత్తిడి పెరగడమే తప్ప ఖాళీ రాదు.

చివర్లో మాదిరి పరీక్ష పెట్టాం. మిత్రుడు సీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. గంట కొట్టాక 45 సెకన్లలో ఏ దగ్గర లోపలికి రావాలి, గంటకు ముందే రాకూడదు. ఎక్స్ దగ్గర ఆగి, కళ్లేలు ఒక చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి కిందికి వదిలి వందనం. ఆ గుర్రం అక్కడే నాట్యం మొదలుపెట్టింది. జనం ముందు ఆగిందంటే ఆడాలని దానికి నేర్పారు మరి. దీనికి మందు ఏమిటంటే, రోజూ వేర్వేరు చోట్ల ఆపి, కళ్లెం వదులు చేసి, మూడు లెక్కపెట్టి, కదలకముందే మెడ నిమిరి ముందుకు పంపడం. ఎక్స్ దగ్గరే పదే పదే ఆపితే ఆ చోటు చూడగానే వేడెక్కుతుంది.

మార్కుల కాగితంలో ఆగడానికి 4, ట్రాట్ వలయాలకు 6, 6.5, స్వేచ్ఛ నడకకు 5. కాంటర్‌లో ఎడమ వైపు తిరుగుతూ, ఎడమ కాలు ముందుండాల్సింది పోయి, కుడి కాలితో ఎత్తుకుంది. మూలలోకి వెళ్లక ముందే అడగడం వల్ల అది. మూల మధ్యలో, గుర్రం లోపలికి వంగి ఉన్నప్పుడు అడిగితే సరైన కాలు సులువుగా వస్తుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టుకు స్వర్ణం వచ్చాక, అనుష్ అగర్వాలా పారిస్ ఒలింపిక్స్ బరిలో దిగాక, జర్మన్ గుర్రం లేనిదే ఈ ఆట లేదని చాలామంది అనుకుంటున్నారు. ఆ స్థాయికి అది నిజమే. ప్రాథమిక పరీక్షలో 60 శాతం తెచ్చుకోవడానికి మాత్రం శుభ్రమైన నడక, గుండ్రని వలయం, కదలకుండా నిలబడటం చాలు. ఆ మూడూ మాళేగావ్ గుర్రానికి వస్తాయి.

కొత్త గుర్రం విడిగా ఉండాల్సిన గడువు పూర్తయ్యాక మొదటి పదిహేను రోజులు ఎక్కవద్దని అమ్మాయికి చెప్పి వచ్చాం. లాంజ్ తాడు, అంటే మధ్యలో నిలబడి గుర్రాన్ని చుట్టూ తిప్పే పొడుగు తాడు మీద రెండు వైపులా సమానంగా ట్రాట్, వారానికి ఒక రోజు సెలవు, వాసాలు రోజు విడిచి రోజు. ఆ తర్వాత నడక ముద్రలు మళ్లీ కొలిచి ఫోటో పంపుతుంది. వెనక డెక్క ముందు ముద్రను దాటకపోతే జీను వేయడం ఇంకో వారం ఆగుతుంది.