60 డాలర్ల మనీ ఆర్డరు

డాలస్ శివార్లలో ఒక కిరాణా దుకాణం దగ్గర కారు వెనక్కి తీస్తూ, ఆగి ఉన్న మరో కారును గుద్దాను. దిగి చూస్తే దాని తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. నా ఇన్సూరెన్సు గడువు ముగిసి అప్పటికి మూడు వారాలు. పేరు, ఫోను నంబరు చీటీ మీద రాసి అద్దానికి పెట్టవలసింది పోయి, ఇంటికి వచ్చేశాను. దుకాణం కెమెరా నన్ను పట్టించింది. టెక్సస్‌లో ఇలా చెప్పకుండా వెళ్లిపోయినప్పుడు నష్టం 200 డాలర్లకు చేరితే క్లాస్ బి నేరం, 180 రోజుల వరకు జైలు. నాకు జైలు తప్పింది. ఏడాది ప్రొబేషన్, అంటే జైలుకు బదులు షరతులతో కోర్టు పర్యవేక్షణ, కారు యజమానురాలికి 4,200 డాలర్ల నష్టపరిహారం. నెలకు 350 చొప్పున.

ఐదు నెలలు కట్టాను. ఆరో నెలలో ప్రాజెక్టు ఆగి ఉద్యోగం పోయింది.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని, ప్రొబేషన్ ఆఫీసర్ ఫోను చేస్తే వారం రోజులు ఎత్తకపోవడం. ఊళ్లో నాన్నగారిని అడగమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. ఆయనకు అసలు కేసు సంగతే తెలియదు. చివరికి నా భార్య విసుక్కుంది: "ఫోను ఎత్తకపోతే పారిపోయారనుకుంటారు. అప్పుడు ఉద్యోగం పోయిన కాగితం ఎవరు చూస్తారు?" ఆ రోజే ఆఫీసర్‌తో మాట్లాడాను. ఉన్నంతలో 60 డాలర్లకు మనీ ఆర్డరు తీసి పంపాను.

లాయరు నాకు జార్జియా రాష్ట్రానికి చెందిన బేర్డెన్ అనే అతని కేసు చెప్పారు. అతనికి 500 డాలర్ల జరిమానా, 250 నష్టపరిహారం వేశారు. తల్లిదండ్రుల దగ్గర అప్పు చేసి 200 కట్టాడు, తర్వాత పని పోయింది. కింది కోర్టు ప్రొబేషన్ రద్దు చేసి జైలుకు పంపింది. 1983లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కావాలని ఎగ్గొట్టాడా, నిజంగా చేతిలో లేదా అన్నది విచారించకుండా జైలుకు పంపకూడదంది. చేతిలో లేదని చూపించవలసిన పని మాత్రం మనదేనని లాయరు రెండుసార్లు చెప్పారు.

షరతులు సవరించమని అర్జీ వేశాం. ఉద్యోగం తీసేసిన ఉత్తరం, నిరుద్యోగ భృతి కాగితం, బ్యాంకు లెక్కలు, నేను దరఖాస్తు చేసిన ఉద్యోగాల జాబితా జతచేశాం. ఇంటి ఖర్చుల పట్టికలో, జడ్జి మెచ్చుకుంటారని నెలకు 300 కడతానని రాశాను. లాయరు ఆ అంకె చుట్టూ పెన్నుతో గీసి, "ఎక్కడి నుంచి?" అన్నారు. ఆ రాత్రి అద్దె, పాలు, పెట్రోలు అన్నీ మళ్లీ కూడితే 210 మిగిలింది. అదే రాశాను.

కోర్టులో రెండున్నర గంటలు కూర్చుంటే మా వంతు పది నిమిషాల్లో అయిపోయింది. బ్యాంకు లెక్కల్లో ఉన్న 38 డాలర్ల హోటలు బిల్లు ఏమిటని ప్రాసిక్యూటర్ అడిగారు. మా అమ్మాయి పుట్టినరోజు అన్నాను. యజమానురాలు రాసిన ఉత్తరం కూడా చదివారు. గడువుకు అభ్యంతరం లేదట, కానీ తలుపు తన డబ్బుతోనే బాగు చేయించుకుని ఎదురుచూస్తోందట. అది వింటుంటే తల ఎత్తలేకపోయాను. కట్టలేని నెలలో ఏమైనా పంపావా అని జడ్జి అడిగారు. మనీ ఆర్డరు రసీదు తీసి ఇచ్చాను. మిగతా కాగితాలన్నిటికన్నా దాన్నే ఎక్కువసేపు చూశారు.

మిగిలిన ఆరు నెలలకు మరో ఆరు కలిపారు. బాకీ 2,390, నెలకు 200. టెక్సస్‌లో పర్యవేక్షణ రుసుము నెలకు 25 నుంచి 60 డాలర్ల వరకు ఉంటుంది. నాకు దాన్ని రద్దు చేశారు. గడువు ఊరికే రాలేదు. ఇంకో ఆరు నెలలు ఆఫీసుకు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. తమ్ముడి పెళ్లి ఫోనులోనే చూశాను.

చివరి నెల 190 కట్టాను. కిటికీ వెనక ఉన్నావిడ రసీదు మీద ముద్ర వేసి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగింది. లేదన్నాను.