క్రాంకు పిడి పట్టుకునే పద్ధతి

బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలని, పిడిని చుట్టి పట్టుకోకూడదని చెబుతూ, ఈ రోజు డెట్రాయిట్ దగ్గర జరిగిన పాత కార్ల ప్రదర్శనలో ఒక పెద్దాయన ఫోర్డ్ మోడల్ టీ ముందు వంగి, ఇంజనును చేత్తో తిప్పి స్టార్టు చేసే కడ్డీని, అంటే క్రాంకును, తిప్పి చూపించారు. స్టీరింగు కింద ఎడమ పక్కనున్న మీటను ముందుగా పైకి జరపకపోతే ఇంధనాన్ని మండించే స్పార్కు తొందరపడి, ఇంజను వెనక్కి తన్ని, మణికట్టు విరిగే ప్రమాదం ఉంటుంది.

మోడల్ టీ అనగానే అందరూ 1913లో ఫోర్డ్ వారి హైలాండ్ పార్కు ఫ్యాక్టరీలో మొదలైన కదిలే అసెంబ్లీ లైను గురించే, అంటే కారు ముందుకు కదులుతుండగా పనివాళ్లు ఒక్కో భాగం బిగించే పద్ధతి గురించే, మాట్లాడతారు. దాని సాయంతో, 1908లో 850 డాలర్లున్న కారు 1920ల మధ్యకు 300 డాలర్ల లోపుకు దిగిరావడం నిజంగా గొప్ప సంగతే.

అయితే ఆ క్రాంకు చూశాక నా మనసు మాత్రం ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ వైపే మొగ్గింది. చేత్తో తిప్పకుండా ఇంజనును కదిలించడానికి పెద్ద ఎలక్ట్రిక్ మోటారు కావాలని నిపుణులు అనుకుంటున్న రోజుల్లో, అది పనిచేయాల్సింది కొన్ని క్షణాలే కాబట్టి చిన్న మోటారు మీదే ఎక్కువ భారం వేయవచ్చునని ఆయన గ్రహించారు. 1912 క్యాడిలాక్‌లో ఆ ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చింది. కారు నడపాలంటే కండబలం ఉండాలన్న షరతును తీసేసిన ఆ ఆలోచనకు, నా దృష్టిలో, అసెంబ్లీ లైనుకు దక్కినంత పేరు దక్కలేదు.

ఫోర్డ్ మాత్రం మోడల్ టీకి ఎలక్ట్రిక్ స్టార్టరును 1919లో గాని ఇవ్వలేదు. ఖరీదైన కారు కొన్నవారు మీట నొక్కి బయలుదేరుతుంటే, చవక కారు కొన్న రైతు కుటుంబాలు అన్నేళ్లూ చలిలో క్రాంకు తిప్పుతూనే ఉన్నాయి.