మర్చండైజింగ్ అభ్యాసం, పదకొండో వారం: ఆషాఢంతో కుదరని లెక్క

పగలు ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు ఫ్యాషన్ మర్చండైజింగ్ (దుకాణానికి ఏ సరుకు, ఎంత, ఎప్పుడు తెప్పించాలో నిర్ణయించే పని) చదవడం మొదలుపెట్టి పదకొండు వారాలయింది. దుస్తుల రిటైల్‌లోకి మారాలన్నది ఉద్దేశం కనుక, ఈ మధ్య రంగుల పలకలు పక్కన పెట్టి ఎక్సెల్ ముందే కూర్చుంటున్నాను.

ఈ వారం మా మామయ్య రెడీమేడ్ దుకాణాన్ని దృష్టిలో పెట్టుకొని, ఊహించిన అంకెలతో ‘ఓపెన్ టు బై’ లెక్క, అంటే నెలలో ఇంకా ఎంత సరుకు కొనవచ్చో చెప్పే లెక్క వేశాను. నెలలో అమ్మదలచిన సరుకు 4,00,000, ఇవ్వబోయే తగ్గింపులు 40,000, నెలాఖరుకు ఉండవలసిన నిల్వ 6,00,000 రూపాయలు. వీటి మొత్తంలోంచి ఇప్పుడున్న నిల్వ 5,50,000, ఇప్పటికే ఆర్డరు పెట్టిన 1,50,000 తీసివేస్తే, కొత్తగా కొనడానికి మిగిలేది 3,40,000. ఇది అమ్మకపు ధరలో వచ్చిన అంకె. అమ్మకపు ధరలో మార్జిన్ (లాభం వాటా) 40 శాతమైతే, కొనుగోలు ధరలో అది 2,04,000 మాత్రమే. ఈ చివరి మెట్టు మరచిపోయి మొదట సరుకు ఎక్కువ రాసేశాను.

దీనికన్నా పెద్ద తప్పు మామయ్య పట్టుకున్నారు. 2025 జూలై అమ్మకాల పక్కన 2026 జూలై అంచనా వేసి చూపిస్తే, “ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చింది, చూసుకున్నావా?” అన్నారు. నిరుడు శ్రావణం జూలై 25న మొదలైంది. ఈ ఏడు ఆగస్టు 13న మొదలవుతుంది. నా ప్రణాళిక ప్రకారమైతే, పెళ్ళిళ్ళ కోసం తెప్పించిన ఖరీదైన సరుకు ఆషాఢం తగ్గింపుల మధ్యకు వచ్చి పడేది. 600కు కొని 1,000కి అమ్మే చొక్కా మీద 20 శాతం తగ్గిస్తే, పన్ను మాట పక్కన పెట్టినా, 400 లాభం 200కు, అంటే సగానికి పడిపోతుంది. అందుకే షీటులో తెలుగు మాసానికి ఒక వరుస చేర్చి, శ్రావణం మొదటి వారాన్ని శ్రావణం మొదటి వారంతోనే పోల్చుతున్నాను. పాఠంలో ఉన్న వారాల క్యాలెండరులో ఈ సర్దుబాటు లేదు.

బట్ట బరువు కొలవడం కూడా సాధన చేశాను. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో దాన్ని జీఎస్ఎం అంటారు. అందుకు ముక్క కోసే జీఎస్ఎం కట్టరు లేదు కాబట్టి, పాత టీషర్టులోంచి పది సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి, గ్రాములో నూరో వంతు చూపే తూకంపై పెడితే 1.80 గ్రాములు వచ్చింది. నూరుతో గుణిస్తే 180 జీఎస్ఎం. కుట్టుకు దగ్గరగా కోసిన ముక్క ఎక్కువ తూగింది కాబట్టి దానిని లెక్కలోకి తీసుకోలేదు. అది ఇంట్లో ఇష్టంగా వేసుకునే టీషర్టని తరువాత తెలిసింది.

వచ్చే వారం సైజుల నిష్పత్తి చూడాలి. దుకాణం బిల్లుల్లో సైజు రాయలేదు కనుక, అమ్ముడుపోక మిగిలిన పెట్టెలు విప్పి ఒక్కొక్కటిగా లెక్కపెట్టవలసి ఉంది.