బొబ్బిలి యుద్ధానికి బొబ్బిలి పేరే ఎందుకు?

1757 జనవరి 24న గెలిచింది విజయనగరం. వెనక ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. అయినా 'విజయనగరం యుద్ధం' అని ఎవరూ అనరు. దండెత్తి వచ్చినవాడి పేరు కంటే దెబ్బ తిన్న చోటు పేరే ఎక్కువగా నిలుస్తుంది. కోట కూలిన కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచాడు. దాంతో కథ బొబ్బిలి వైపే తిరిగిపోయింది. జంగం కథలూ బుర్రకథలూ ఊరూరా తిప్పిన పేరు అదే. ఇప్పుడు బొబ్బిలి ఉన్నదేమో విజయనగరం జిల్లాలో!

పద్మనాభం యుద్ధం పేరుకి వేరే కారణం. ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన బకాయిల గొడవలో విజయనగరం రాజు చిన విజయరామరాజుని మద్రాసు వెళ్లమన్నారు. ఆయన వెళ్లకుండా కోట వదిలి పద్మనాభంలో దిగాడు. 1794 జూలై 10న అక్కడే కంపెనీ సేనతో పోరులో ప్రాణం విడిచాడు. కోటలోనే ఉండి ఉంటే పేరు మరోలా ఉండేదేమో.

ఇంగ్లీషువాళ్లకి వార్ వేరు, బ్యాటిల్ వేరు. ఏళ్ల తరబడి సాగితే వార్, ఒక చోట తలపడితే బ్యాటిల్. మనకి రెండూ యుద్ధమే. అందుకే అనువాదాల్లో పొరపాట్లు వస్తాయి: ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్ల మధ్య మూడో కర్ణాటక యుద్ధం ఏళ్ల తరబడి సాగింది, అందులో ఒక్క రోజు పోరు చందుర్తి (1758 డిసెంబరు). అక్కడ ఇంగ్లీషు సేనాని ఫోర్డు దొర పక్కన నిలబడింది మన విజయనగరం రాజు ఆనంద గజపతిరాజే. ఇంగ్లీషు పుస్తకాల్లో అది 'కాండోర్'. ఆ పేరుతో మ్యాపులో వెతికితే దొరకదు, పిఠాపురం దగ్గర చందుర్తి అని వెతకాలి.

ఇక కొన్ని పేర్లు యుద్ధం ముగిశాకే పుడతాయి. 1756లో మొదలైనదాన్ని 'ఏడేళ్ల యుద్ధం' అని ఆ రోజే ఎవరనగలరు? 'నూరేళ్ల యుద్ధం' అయితే లెక్కకి 116 ఏళ్లు (1337–1453), మధ్యలో సంధులతో కలిపి.

మన్యం తిరుగుబాట్లకి పెట్టిన మాటే తీర్పు. సర్కారు కాగితాల్లో 'పితూరీ', జనం నోట 'పోరాటం'. పితూరీ అంటే ఇప్పుడు చాడీ చెప్పడం అనే అర్థమే మిగిలింది.

1967 అక్టోబరు 31న మన్యంలోని లేవిడి అనే ఊళ్లో ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. ఆ తర్వాత రగిలిన గిరిజనుల సాయుధ తిరుగుబాటుని 'శ్రీకాకుళ పోరాటం' అన్నారు, అప్పటికి అదంతా శ్రీకాకుళం జిల్లాయే కనుక. 2022 నుంచి లేవిడి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పేరు మాత్రం పాత జిల్లాదే.