2035 కల్లా హిమాలయాలు ఖాళీ అన్నారు, అన్నది ఎవరి మనిషి?

మనవాళ్లకి ఒక అలవాటుంది, ఎవరు ఏం మాట్లాడినా ముందు ఆయన ఏ పార్టీయో, ఏ కులమో, వెనకాల డబ్బు ఎవరిదో లెక్కేసుకుని ఆ తర్వాతే మాట చెవిలో వేసుకుంటాం. క్లైమేట్ ఛేంజ్ విషయంలోనూ అంతే. అది మరీ తప్పని నేననను, ఒక్కోసారి పనికొస్తుంది కూడా, కానీ అక్కడే ఆగిపోతే ఎలా బోల్తా పడతామో చూడాలంటే 2009-10లో నడిచిన హిమాలయాల గొడవ ఒకసారి తిరగేయాలి.

ఐపీసీసీ అని ఐక్యరాజ్యసమితి పెట్టిన క్లైమేట్ ప్యానెల్ ఉంది కదా, 2007లో అల్ గోర్‌తో కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది వాళ్లకి. అదే ఏడాది వాళ్ల రిపోర్టులో ఒక పేరా ఉంది, ఇలాగే వేడెక్కుతూ పోతే 2035 కల్లా హిమాలయాల్లో గ్లేసియర్లు (కొండల మీద పేరుకుని మెల్లగా జారే మంచు నదులు) మాయమైపోయే అవకాశం చాలా ఎక్కువ అని. అప్పటి ఛైర్మన్ ఆర్.కె. పచౌరి (70ల్లో మన హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో పనిచేశాడు ఈయన). 2009 నవంబర్‌లో మన కేంద్ర పర్యావరణ శాఖ ఒక డిస్కషన్ పేపర్ బయటపెట్టింది, రాసింది వి.కె. రైనా, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా చేసి రిటైరైన పెద్దాయన. గ్లేసియర్లు వెనక్కి పోతున్న మాట నిజమే గానీ కొంప మునిగినట్టు ఏమీ లేదు, దీన్ని గ్లోబల్ వార్మింగ్‌కి ముడిపెట్టే ఆధారాలు చాలవు అని ఆయన వాదన. శాఖ మంత్రి జైరాం రమేష్, అప్పట్లో ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు. పచౌరికి ఒళ్లు మండి దాన్ని "వూడూ సైన్స్", అంటే చేతబడి లాంటి సైన్స్ అనేశాడు.

ఇప్పుడు మన లెక్క వేసి చూడండి. ఇంకో నెలలో కోపెన్‌హాగన్ సదస్సు, ఎమిషన్లు తగ్గించమని ఇండియా మీద ఒత్తిడి, సరిగ్గా ఆ టైంలో ఇండియా మంత్రి మంచుకేం కాలేదనే పేపర్ పట్టుకొస్తే అనుమానం రాదా. ఇటు చూస్తే నోబెల్ వచ్చిన సంస్థ. ఆ రోజు పందెం కాయమంటే చదువుకున్నవాళ్లలో ఎక్కువమంది పచౌరి మీదే కాసుండేవాళ్లు.

డబ్బులు పోయేవి. ఆ 2035 అనే అంకెని ఐపీసీసీ వాళ్లు 2005 నాటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పర్యావరణ సంస్థ రిపోర్టులోంచి ఎత్తారు, వాళ్లు 1999లో ఒక సైన్స్ పత్రికలో వచ్చిన వార్తలోంచి ఎత్తారు, ఆ వార్తకి ఆధారం ఒక శాస్త్రవేత్తతో మాట్లాడిన ఇంటర్వ్యూ. కొలతల్లేవు, రీసెర్చ్ పేపర్ లేదు. దానికితోడు అదే పేరాలో హిమాలయ గ్లేసియర్ల వైశాల్యం 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకి పడిపోతుందని రాశారు, అసలు హిమాలయాల్లో అంత మంచు ఎక్కడిది! ఆ అంకెలు 1996 నాటి ఒక రష్యన్ శాస్త్రవేత్త రిపోర్టులోవి, ధ్రువాల బయట ప్రపంచం మొత్తానికి వేసిన అంచనా, అందులో ఉన్న గడువు 2035 కాదు, 2350. 2010 జనవరిలో ఐపీసీసీ విచారం వ్యక్తం చేస్తూ ప్రకటన ఇచ్చింది.

నాకు ఇందులో అసలు ముఖ్యమైనది ఈ తప్పుని తవ్వి తీసింది ఎవరు అన్నది. కెనడాలో గ్రాహం కాగ్లీ, ఆస్ట్రియాలో గెయార్గ్ కాజర్, ఇంకో ఇద్దరు. నలుగురూ గ్లేసియర్లు చదివినవాళ్లే, భూమి వేడెక్కుతోందన్నది వాళ్లకి సందేహం ఉన్న విషయం కాదు. అటు క్లైమేట్‌గేట్ అని, బయటికి పొక్కిన క్లైమేట్ శాస్త్రవేత్తల ఈమెయిళ్ల మీద గొడవ పెట్టి శాస్త్రవేత్తలంతా దొంగలని ఊదరగొడుతుంటే, ఇలాంటప్పుడు ఎందుకులే మనవాళ్ల పరువు అని నోరు మూసుకోవచ్చు కదా, మూసుకోలేదు.

అయితే రైనా గారు గెలిచేశారా అంటే అదీ లేదు. 2035 తప్పని తేలింది గానీ కొంప మునగలేదన్న మాట నిలబడలేదు. ఖాట్మండూలోని ఐసీఐఎంఓడీ (హిమాలయ ప్రాంతం మీద పనిచేసే పరిశోధన సంస్థ) 2019లో చెప్పిన దాని ప్రకారం వేడిని 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగినా 2100 కల్లా హిందూకుష్ హిమాలయాల మంచులో మూడో వంతు పోతుంది. 2023లో మళ్లీ చెప్పారు, 2011-20 మధ్య కరిగిన వేగం అంతకు ముందు పదేళ్ల కంటే 65 శాతం ఎక్కువని. అప్పుడు ఆ పేపర్ని నెత్తిన పెట్టుకుని ఊరేగినవాళ్లు ఈ అంకెల జోలికి రారు.

అమెరికాలో రిచర్డ్ ముల్లర్‌ది ఇంకో రకం. బర్క్‌లీ ఫిజిక్స్ ప్రొఫెసర్, పాత ఉష్ణోగ్రత లెక్కల మీద గట్టి అనుమానాలున్న మనిషి. బర్క్‌లీ ఎర్త్ పేరుతో లెక్కలన్నీ మొదటి నుంచి వేస్తానని కూర్చున్నాడు, డబ్బిచ్చిన వాళ్లలో ఆయిల్ వ్యాపారం ఉన్న చార్లెస్ కోక్ పెట్టిన ఫౌండేషన్ కూడా ఉంది, 1,50,000 డాలర్లు. అంటే మన లెక్కలో ఆయిల్ కంపెనీల మనిషి, సినిమా అయిపోయింది. క్లైమేట్ ఛేంజ్ మీద సందేహాలు లేవనెత్తడంలో పేరుపడ్డ ఆంథొనీ వాట్స్ 2011 మార్చిలో, ముల్లర్ ఏం తేల్చినా, నా నమ్మకం తప్పని తేలినా సరే ఒప్పుకుంటానన్నాడు. అక్టోబర్‌లో ముల్లర్ టీం వేడెక్కడం నిజమేనని తేల్చేసరికి వాట్స్ పద్ధతి సరిగ్గా లేదని ప్లేటు తిప్పేశాడు. 2012లో ముల్లర్ ఇంకో అడుగు ముందుకేసి, 250 ఏళ్లలో నేల మీద సుమారు 1.5 డిగ్రీలు పెరిగింది, దాదాపు అంతా మనుషుల వల్లేనని రాశాడు. అదే వ్యాసంలో హిమాలయాలు 2035కి కరిగిపోవని కూడా రాశాడు చూడండి, అక్కడ నచ్చాడు నాకు. ఇటువైపు శాస్త్రవేత్తల్లో కొందరు మాత్రం ఈ సంగతి మాకెప్పుడో తెలుసు, ఈయన కొత్తగా కనిపెట్టిందేంటి అని చిరాకుపడ్డారు.

మన దగ్గరికొస్తే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు టీవీల్లో చర్చంతా మీ ప్రభుత్వమా మా ప్రభుత్వమా అన్నదే. మధ్యలో ఎవరైనా క్లైమేట్ ఛేంజ్ అంటే ఆక్రమణల సంగతి పక్కకి పోతుంది, ఆక్రమణలంటే వాతావరణం సంగతి పక్కకి పోతుంది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ పట్టుకుంటుంది, వాన పడితే కుండపోతగా పడుతుంది, అదీ నిజమే, వాగు దారిలో ఇళ్లు కట్టుకున్నాం, కట్టలు పట్టించుకోలేదు, అదీ నిజమే. ఈ రెండూ ఒకే నోటితో చెప్పే మనిషిని స్టూడియోకి పిలవరు, ఎందుకంటే ఆయన్ని ఏ పార్టీ కుర్చీలో కూర్చోపెట్టాలో వాళ్లకి అర్థం కాదు.