గ్యాస్ కాదు, బ్యారెట్స్ అన్నారు

గుండెల్లో మంట ఏళ్లుగా ఉన్నదే. ఈమధ్య రాత్రిళ్లు పులితేన్పులు గొంతుదాకా వస్తుంటే గుంటూరు కొత్తపేటలో ఎండోస్కోపీ చేయించుకున్నాను. గొంతులో స్ప్రే కొట్టారు, గొట్టం దించారు, ముక్క తీశారు. అది పెద్ద బాధేమీ కాదు.

బాధంతా రిపోర్టు రోజున. హాలు నిండా జనం. కౌంటర్లో అమ్మాయి కవరు పైకెత్తి, "క్యాన్సర్ బయాప్సీ ఎవరిదండీ?" అని కేకేసింది. మా వీధి ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. నేను లేచి వెళ్లి తీసుకునేదాకా అందరి కళ్లూ నా మీదే. సాయంత్రానికల్లా తెనాలి నుంచి మా బావమరిది ఫోను: "ఏ స్టేజి అంట బావా?"

లోపల డాక్టరు కాగితం తిరగేసి, "ప్రీక్యాన్సరస్. మూడు నెలలకోసారి స్కోపీ చేయించుకోవాలి" అన్నాడు. అంటే ఏంటండీ అని మా ఆవిడ అడిగితే, "చెప్పినా మీకర్థం కాదమ్మా. నెక్స్ట్!" ఏళ్ల తరబడి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆవిడ. అర్థం కాకపోతే మళ్లీ చెప్పాలని ఆవిడకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

విజయవాడ సూర్యారావుపేటలో ఇంకో డాక్టరుగారు కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పారు. కడుపులో యాసిడ్ ఏళ్లకేళ్లు పైకి తన్నడంతో అన్నవాహిక అడుగున పొర మారిపోయి, పేగులో ఉండేలాంటి కణాలు వస్తాయి. అదే బ్యారెట్స్. క్యాన్సర్ కాదు. నా బయాప్సీలో డిస్ప్లేసియా, అంటే కణాలు క్యాన్సర్ వైపు మారడం, లేదని రాసే ఉంది! అలాంటివాళ్లలో క్యాన్సర్‌గా మారేది ఏడాదికి వెయ్యిమందిలో ఐదుగురికన్నా తక్కువే. మారిన పొర 3 సెంటీమీటర్ల లోపే కాబట్టి నాకు మళ్లీ స్కోపీ 5 ఏళ్లకు. 3 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే 3 ఏళ్లకు. డిస్ప్లేసియా ఉంటే మాత్రం సంగతి వేరు. బయాప్సీ ముక్క పెట్టిన గాజు స్లైడ్లను, వాటిని మైక్రోస్కోపులో చూసే డాక్టరు, అంటే పెథాలజిస్టు, ఇంకొకరికి చూపించాలి, అవసరమైతే ఆ పొరను రేడియోఫ్రీక్వెన్సీతో కాల్చేస్తారు.

కాబట్టి మారిన పొర పొడవెంత, డిస్ప్లేసియా ఉందా అని గట్టిగా అడగండి. స్లైడ్లు, ముక్కను మైనంలో పెట్టి ఉంచే బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. సణుగుతారు, అయినా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.

పాంటోప్రజోల్ టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటున్నాను. తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. రాత్రి భోజనం ఏడింటికే అయిపోతోంది. మా బావమరిదికి ఆ బొమ్మ వాట్సాప్ చేశాను. వీధి ఆయనకైతే కాగితం పట్టుకెళ్లి నేనే చూపించి వచ్చాను.