టై రాడ్ దగ్గర తప్పితే విష్‌బోన్ లెక్కలన్నీ వృథా

ఫార్ములా స్టూడెంట్ (ఇంజనీరింగ్ విద్యార్థుల రేసు కార్ల పోటీ) కార్లకు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లతో పట్టే సస్పెన్షన్) గీసేటప్పుడు చాలామంది ఆర్మ్‌ల పొడవుతో మొదలెడతారు. ముందు తేల్చాల్సింది ఇన్‌స్టంట్ సెంటర్. కారును ఎదురుగా చూస్తూ పై ఆర్మ్, కింది ఆర్మ్ గీతల్ని పొడిగిస్తే అవి కలిసే బిందువు అది.

ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) 1200 మి.మీ. అనుకోండి. ఆ బిందువు టైరు నేలను తాకే చోటికి 1500 మి.మీ. దూరంలో, 100 మి.మీ. ఎత్తులో ఉంటే రోల్ సెంటర్ (మలుపులో బాడీ వాలేది ఈ బిందువు చుట్టూనే) 40 మి.మీ. ఎత్తున పడుతుంది. మలుపులో బాడీ 1.5 డిగ్రీలు వాలితే జామెట్రీ వెనక్కి తెచ్చే క్యాంబర్ (ఎదురుగా చూస్తే కనిపించే చక్రం వాలు) 0.6 డిగ్రీలే. మిగతా 0.9 కారు నిలిచి ఉండగానే పెట్టే స్టాటిక్ క్యాంబర్‌తో పూడ్చుకోవాలి. పోనీ, దూరాన్ని 900కి తగ్గిస్తే? మలుపులో పూర్తిగా 1 డిగ్రీ వస్తుంది. కానీ బ్రేక్ వేసి ముక్కు 15 మి.మీ. దిగగానే చక్రాలు ఇంకో 0.95 డిగ్రీలు లోపలికి వాలతాయి, అదీ టైరు నిటారుగా ఉండాల్సిన వేళ. నా ఓటు 1500కే.

ఇంత లెక్క కట్టి, స్టీరింగ్ రాక్‌ను మాత్రం పాదాలకు అడ్డం రాని చోటల్లా పెట్టేస్తారు. బంప్ స్టీర్ (చక్రం పైకీ కిందికీ కదిలితే దానంతటదే పక్కకు తిరగడం) అక్కడే పుడుతుంది. రాక్ నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్ గీత కూడా అదే ఇన్‌స్టంట్ సెంటర్ వైపు చూడాలి. కింది ఆర్మ్ తలంలోనే, లోపలి జాయింట్ ఆ ఆర్మ్ పివట్ అక్షం మీద ఉండేలా పెట్టడం అన్నిటికన్నా సులువు.

బ్రాకెట్లు టాక్ వెల్డ్ (తాత్కాలిక చుక్క అతుకు) మీద ఉన్నప్పుడే కొలవండి. డ్యాంపర్ విప్పి, రాక్‌ను మధ్యలో కదలకుండా బిగించండి. హబ్‌కు చదునైన పలక బోల్టు చేసి, ఒకే ఎత్తులో 250 మి.మీ. ఎడంగా రెండు డయల్ గేజ్‌లు ఆనించండి. నియమాల ప్రకారం చక్రం కనీస ప్రయాణం 50 మి.మీ. కాబట్టి పైకి 25, కిందికి 25, 5 మి.మీ. చొప్పున జాకీతో కదిపి తేడా రాసుకోండి. 1 మి.మీ. తేడా అంటే 0.23 డిగ్రీల టో (పైనుంచి చూస్తే చక్రం పక్కకు తిరిగిన కోణం).

గ్రాఫ్ ఏటవాలు గీతైతే టై రాడ్ ఒక చివర ఎత్తు తప్పింది, షిమ్ (సందులో పెట్టే పలుచని రేకు) చాలు. విల్లులా వంగి, లేపినా దించినా టో ఒకే వైపు మారితే పొడవు తప్పు. అది షిమ్‌తో పోయే రోగం కాదు, లోపలి జాయింట్‌నే అడ్డంగా జరపాలి. గ్రాఫ్ ప్రతిసారీ వేరేగా వస్తే ముందు లూజు వెతకండి: స్టీరింగ్ ఆర్మ్ (చక్రం వైపు టై రాడ్ తగిలే చెయ్యి) 70 మి.మీ. ఉంటే 0.5 మి.మీ. లూజు 0.4 డిగ్రీలు తినేస్తుంది.

క్యాంబర్ సర్దడానికి కింది ఆర్మ్ బయటి చివర రాడ్ ఎండ్ (మర కాడ ఉన్న జాయింట్) పెట్టకండి. బ్రేక్ భారం దాన్ని వంచుతుంది, మర దగ్గర విరుగుతుంది. అక్కడ హౌసింగ్‌లో స్ఫెరికల్ బేరింగ్ ఉంచి, పై జాయింట్ బ్రాకెట్ వెనక షిమ్‌లు వేయండి. జాయింట్ల మధ్య 200 మి.మీ. ఉంటే 1 మి.మీ. షిమ్‌కు 0.29 డిగ్రీలు. టై రాడ్ కింది జాయింట్ ఎత్తులో ఉన్న కారుకు షిమ్ మార్చినా టో దాదాపు కదలదు. పైన ఉన్న కారుకు ప్రతిసారీ టో మళ్లీ పెట్టుకోవాల్సిందే.